కార్డు మీద గీత వచ్చింది, అసెంబ్లీలో జన్యువు లేదు: మా ఐసీయూలో తిరుగుతున్నది బాక్టీరియానా, ప్లాస్మిడా?

మైక్రో_పీజీ | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. కోస్తాలోని ఒక బోధనాసుపత్రిలో మైక్రోబయాలజీ పీజీ చేస్తున్నాను. థీసిస్ పనిలో ఒకచోట ఆగిపోయాను. పెద్దలు దారి చూపాలి.

మా ఐసీయూలో ఒకే నెలలో ముగ్గురు రోగుల నుంచి మెరోపెనెమ్‌కు (కార్బపెనెమ్ తరగతి యాంటీబయాటిక్) లొంగని బాక్టీరియా వచ్చింది. ఇద్దరిలో క్లెబ్సియెల్లా న్యుమోనియే, ఒకరిలో ఇ.కోలి. రెండు క్లెబ్సియెల్లాలూ ఒకేచోట నుంచి వచ్చి ఉంటాయని, ఇ.కోలికి వీటితో సంబంధం లేదని ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీలో అనుకున్నారు. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దామని మూడింటి డీఎన్ఏనూ నానోపోర్ (డీఎన్ఏను సన్నని రంధ్రంలోంచి పంపి చదివే యంత్రం) మీద సీక్వెన్సింగ్ చేయించాం.

మొదటి క్లెబ్సియెల్లాలో క్రోమోజోమ్ సుమారు 53 లక్షల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) వలయంగా చక్కగా మూసుకుంది. దాంతోపాటు ఒక పెద్ద ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే డీఎన్ఏ వలయం), సుమారు 46 వేల బేస్‌ల చిన్న ప్లాస్మిడ్ ఒకటి వచ్చాయి. కార్బపెనెమ్‌ను విరగ్గొట్టే ఎన్‌డీఎం-5 జన్యువు ఈ 46 వేల దాని మీద ఉంది. ఇ.కోలిలో కూడా ఎన్‌డీఎం-5 కనిపించింది. చిక్కంతా రెండో క్లెబ్సియెల్లాతోనే. మెరోపెనెమ్‌కు గట్టి నిరోధకత చూపిస్తోంది. కార్బపెనెమ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌లను గీతగా చూపే కార్డు పరీక్షలో ఓఎక్స్ఏ-48 తరగతి గీత స్పష్టంగా వచ్చింది. రెండోసారి చేసినా అదే ఫలితం. అసెంబ్లీలో (చదివిన డీఎన్ఏ ముక్కలను కంప్యూటర్‌లో అతికించిన పూర్తి క్రమంలో) మాత్రం వేరే రకం యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే సీటీఎక్స్-ఎం-15 ఉంది కానీ, కార్బపెనెమ్‌ను విరగ్గొట్టే జన్యువు ఒక్కటీ లేదు. నిరోధక జన్యువుల జాబితాలైన రెస్‌ఫైండర్‌లోనూ, కార్డ్ (ఇది పరీక్ష కార్డు కాదు) డేటాబేస్‌లోనూ వెతికాను.

కల్చర్ కలుషితమైందా, నేను వెతికే పద్ధతిలో లోపముందా?

గుంటూరు_వైద్యుడు | సోమవారం, రాత్రి 10.05

అమ్మా, క్లెబ్సియెల్లాలో కార్బపెనెమేస్ (కార్బపెనెమ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్) లేకుండానే ఇలాంటి నిరోధకత రావచ్చు. బయటి పొరలోని పోరిన్ ద్వారాలు మూసుకుపోయి, లోపల సీటీఎక్స్-ఎం-15 ఎక్కువగా తయారవుతుంటే మెరోపెనెమ్ పనిచేయదు. ఓఎమ్‌పీకే35, ఓఎమ్‌పీకే36 అనే పోరిన్ జన్యువులు చెడిపోయాయేమో చూడండి.

దీర్ఘరీడ్ | సోమవారం, రాత్రి 10.31

డాక్టర్ గారూ, పోరిన్లు చెడిపోయి ఉండవచ్చు, కాదనను. కానీ పోరిన్ చెడినంత మాత్రాన కార్డు మీద గీత రాదు. ఆ కార్డు ఎంజైమ్ ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. రెండుసార్లు గీత వచ్చిందంటే ప్రొటీన్ ఉంది. ప్రొటీన్ ఉంటే జన్యువూ ఉంది. అది డీఎన్ఏ నుంచి అసెంబ్లీకి వచ్చే దారిలో ఎక్కడో జారిపోయింది.

మైక్రో_పీజీ గారూ, మూడు సంగతులు చెప్పండి. లైబ్రరీ (యంత్రంలో వేయడానికి సిద్ధం చేసిన డీఎన్ఏ) లైగేషన్ కిట్‌తో చేశారా, రాపిడ్ కిట్‌తోనా? పొట్టి డీఎన్ఏ ముక్కలను వదిలించుకోవడానికి పూసలతో శుద్ధి చేశారా? రెండో క్లెబ్సియెల్లా ఏ సీక్వెన్స్ టైప్ (ఎస్‌టీ, అంటే జన్యు వంశం)?

మైక్రో_పీజీ | మంగళవారం, ఉదయం 7.15

లైగేషన్ కిట్ సార్. పొడవైన రీడ్లు (యంత్రం ఒక్కసారిగా చదివే డీఎన్ఏ ముక్కలు) కావాలని పూసలతో శుద్ధి కూడా చేయించాం. రెండో క్లెబ్సియెల్లా ఎస్‌టీ231. మొదటిది ఎస్‌టీ147.

దీర్ఘరీడ్ | మంగళవారం, ఉదయం 8.02

అయితే సమాధానం దాదాపు దొరికినట్టే. మన దేశంలో ఎస్‌టీ231 అనగానే ముందు తలచుకోవలసింది ఓఎక్స్ఏ-232. అది ఓఎక్స్ఏ-48 కుటుంబానికే చెందింది కాబట్టి కార్డు మీద అదే గీత వస్తుంది. ఆ జన్యువు ఉండేది కోల్-కేపీ3 రకానికి చెందిన బుల్లి ప్లాస్మిడ్ మీద. దాని పొడవు సుమారు 6,100 బేస్‌లు మాత్రమే.

ఇప్పుడు మీ కిట్ సంగతి. లైగేషన్ కిట్‌లో అడాప్టర్ (డీఎన్ఏను నానోపోర్ రంధ్రంలోకి నడిపించే తునక) అతుక్కోవాలంటే డీఎన్ఏకు తెగిన కొన ఉండాలి. క్రోమోజోమ్ లాంటి పెద్ద అణువు డీఎన్ఏ తీసేటప్పుడే ఎన్నోచోట్ల తెగుతుంది కాబట్టి దానికి కొనలకు కొదవ ఉండదు. 6 వేల బేస్‌ల వలయం చాలావరకు తెగకుండానే మిగిలిపోతుంది. కొన లేనిదానికి అడాప్టర్ అతుక్కోదు, అడాప్టర్ లేనిది రంధ్రంలోకి వెళ్లదు. తెగిన కొద్దిపాటి వలయాలను కూడా పొట్టి ముక్కలుగా లెక్కించి పూసలు వదిలేసి ఉండవచ్చు. రాపిడ్ కిట్‌లో ట్రాన్స్‌పోసేస్ ఎంజైమ్ వలయాన్ని తానే కోసి అడాప్టర్ తగిలిస్తుంది కాబట్టి బుల్లి ప్లాస్మిడ్లు అందులో బాగా కనిపిస్తాయి.

అదే డీఎన్ఏ మిగిలి ఉంటే ఇల్యుమినా యంత్రంలో పొట్టి రీడ్లు తీయించండి. ఆ తర్వాత యూనిసైక్లర్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల రీడ్లనూ కలిపి అసెంబ్లీ చేయండి. కణంలో అలాంటి బుల్లి ప్లాస్మిడ్లకు చాలా ప్రతులు ఉంటాయి కాబట్టి పొట్టి రీడ్లలో దాని లోతు (ఒక్కో చోటును ఎన్ని రీడ్లు చదివాయన్న లెక్క) క్రోమోజోమ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఎస్‌టీ147, ఎస్‌టీ231 వేరువేరు వంశాలు. అంటే రెండు క్లెబ్సియెల్లాలూ ఒకేచోట నుంచి వచ్చాయన్న కమిటీ ఊహ ఇక్కడే పోయింది. ఇప్పుడు చూడవలసింది మొదటి క్లెబ్సియెల్లానూ ఇ.కోలినీ.

వార్డు_సిస్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2.20

నేను ఇన్ఫెక్షన్ నియంత్రణ నర్సును. ఈ కిట్ల సంగతి నాకు అంతగా తెలియదు. ఒక్కటి అడుగుతాను. మేము రోగిని వేరుగా ఉంచేది కల్చర్ రిపోర్టులో బాక్టీరియా పేరు చూసే. క్లెబ్సియెల్లా వచ్చిన రోగి పక్క మంచంలో ఇ.కోలి వస్తే రెండింటికీ సంబంధం లేదనే రాసుకుంటాం. అలా రాసుకోవడం తప్పంటారా?

పచ్చకాలనీ | మంగళవారం, సాయంత్రం 6.48

సిస్టర్ గారూ, ఈ చర్చలో అసలైన ప్రశ్న మీరే అడిగారు. చాలాకాలంగా క్లినికల్ మైక్రోబయాలజీలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ప్లాస్మిడ్ అంటే బాక్టీరియా క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా తనంతట తాను ప్రతులు తీసుకునే డీఎన్ఏ వలయం. ఆ పేరు 1952లో జాషువా లెడర్‌బర్గ్ పెట్టారు. వీటిలో చాలావాటికి ఒక కణం నుంచి పక్క కణానికి దాటే శక్తి ఉంది. అవతలి కణం అదే జాతిది కావాలన్న నియమం లేదు. ఆసుపత్రిలో దీని పర్యవసానం ఏమిటో ముందుగా చూసింది జపాన్ వాళ్లు. యుద్ధం తర్వాత అక్కడ షిగెల్లా విరేచనాలు ప్రబలాయి. సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా రాసాగింది. ఒక్కో మందుకు ఒక్కో మార్పు విడివిడిగా వచ్చిందనుకుంటే లెక్క కుదరలేదు. ఇ.కోలిని, షిగెల్లాను కలిపి పెంచితే నాలుగు నిరోధకతలూ మూటగా ఒకదాని నుంచి మరొకదానికి వెళ్తాయని ఓచియాయ్ బృందం, అకీబా బృందం విడివిడిగా 1959లో చూపించాయి.

అంటే 60 ఏళ్లకు పైగా ఈ సంగతి తెలుసు. అయినా వార్డులో మనం ఇప్పటికీ జాతి పేరు పట్టుకునే లెక్కలు రాస్తున్నాం. ఆ ప్లాస్మిడ్‌ను కళ్లతో చూసే సాధనం చేతిలో లేకపోవడమే దానికి కారణం. ఆ సాధనమే ఈ సీక్వెన్సింగ్.

అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో కేపీసీ అనే కార్బపెనెమేస్ జన్యువును 2007 నుంచి ఐదేళ్లపాటు వెంబడించారు. 182 మంది రోగుల నుంచి 281 బాక్టీరియాలు తీసి సీక్వెన్సింగ్ చేశారు. 2016లో వచ్చిన ఆ పత్రంలో తేలిందేమిటంటే, ఆ ఒక్క జన్యువు 13 జాతుల్లో, 62 వేరువేరు వంశాల్లో ఉంది. జాతి పేరు పట్టుకుని చూస్తే అక్కడ ఒకదానితో ఒకటి సంబంధం లేని కేసులే కనిపించేవి. అందులో మరో మెలిక ఉంది. కేపీసీ జన్యువు టీఎన్4401 అనే దూకే డీఎన్ఏ ముక్కలో కూర్చుంటుంది. ఆ ముక్క ఒక ప్లాస్మిడ్ నుంచి ఇంకో ప్లాస్మిడ్‌కు దూకుతుంది. ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటుతుంది. బాక్టీరియా ఒక రోగి నుంచి ఇంకొకరికి పాకుతుంది. భరిణెలో భరిణె, దానిలో ఇంకో భరిణె. మనం రిపోర్టులో రాసేది అన్నిటికంటే పైనున్న భరిణె పేరు మాత్రమే.

కాబట్టి సిస్టర్ గారూ, మీరు తప్పు చేశారని ఎవరూ అనరు. మీ చేతికి వచ్చిన రిపోర్టులో అంతకుమించి లేదు. అయితే పక్కపక్క మంచాల్లో వేరు జాతులు, ఒకే కార్బపెనెమేస్ కనిపిస్తే ఇకమీదట "సంబంధం లేదు" అని రాయకండి. "తెలియదు, చూడాలి" అని రాయండి.

గుంటూరు_వైద్యుడు | మంగళవారం, రాత్రి 9.10

పోరిన్ మాట వెనక్కి పెట్టి దీర్ఘరీడ్ గారి వాదన ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు మంచం పక్కన నిలబడే వైద్యుడిగా ఒక మాట. ఈ తేడా చికిత్సలో నేరుగా పనికొస్తుంది. సెఫ్టాజిడీమ్-అవిబాక్టామ్ అనే జంట మందు ఓఎక్స్ఏ-48 కుటుంబం మీద, కేపీసీ మీద పనిచేస్తుంది. ఎన్‌డీఎం మీద పనిచేయదు. ఎన్‌డీఎం ఉంటే దానికి అజ్‌ట్రియోనామ్ జోడిస్తాం. అజ్‌ట్రియోనామ్‌ను ఎన్‌డీఎం విరగ్గొట్టలేదు, విరగ్గొట్టగల మిగతా ఎంజైమ్‌లను అవిబాక్టామ్ అడ్డుకుంటుంది. మన దేశపు ఇ.కోలిలో ఇంకో బెడద కూడా ఉంది. అజ్‌ట్రియోనామ్ పట్టుకునే పీబీపీ3 ప్రొటీన్‌లో 4 అమినో ఆమ్లాలు అదనంగా చేరిన రకాల మీద అజ్‌ట్రియోనామ్ పట్టు సడలుతుంది. అది ఉండేది క్రోమోజోమ్ మీద. ప్లాస్మిడ్ ఒక్కటే చూసి మందు నిర్ణయిస్తే ఇది కంటపడదు.

కానీ సెప్సిస్‌లో ఉన్న రోగికి సీక్వెన్సింగ్ ఫలితం కోసం ఆగే వ్యవధి ఉండదు. కాలనీ చేతికొచ్చాక కార్డు పావుగంటలో జవాబిస్తుంది. నా దృష్టిలో మందు రాయడానికి కార్డు కావాలి, వ్యాప్తిని ఆపడానికి సీక్వెన్సింగ్ కావాలి. రెండింటినీ కలగలిపి పాలకవర్గాన్ని డబ్బు అడిగితే రెండూ రావు.

పొటోమాక్_తెలుగు | మంగళవారం, రాత్రి 11.52

ఈ చర్చ చదువుతుంటే నేను ఉండే అమెరికాలోని మేరీల్యాండ్‌లో జరిగింది చెప్పాలనిపించింది. నా వృత్తి బయోఇన్ఫర్మాటిక్స్. నేను చెప్పబోయే ఆసుపత్రితో నాకు సంబంధం లేదు, ప్రచురించిన పత్రాల నుంచి చెబుతున్నాను.

బెథెస్డాలో జాతీయ ఆరోగ్య సంస్థల క్లినికల్ సెంటర్ ఉంది. 2011 జూన్‌లో న్యూయార్క్ నుంచి ఒక రోగిని అక్కడికి తెచ్చారు. ఆమెలో కేపీసీ ఉన్న క్లెబ్సియెల్లా ఉందని ముందే తెలుసు కాబట్టి మొదటి నుంచీ వేరుగా ఉంచారు. జూలై మధ్యలో ఆమె డిశ్చార్జి అయ్యారు. మరో 3 వారాలకు, ఆగస్టు మొదట్లో, రెండో రోగి బయటపడ్డారు. మొత్తం 18 మందికి సోకింది. 11 మంది చనిపోయారు. వారిలో 6 మరణాలకు ఆ ఇన్ఫెక్షనే కారణమని తేల్చారు. మధ్యలో 3 వారాల ఖాళీ ఉంది కాబట్టి రెండోది బయటి నుంచి వచ్చిన వేరే క్లెబ్సియెల్లా అనుకునే అవకాశం ఉండేది. జూలీ సెగ్రే, తారా పామోర్ బృందం జన్యుక్రమాలు తీసి చూస్తే 60 లక్షల బేస్‌లలో అన్ని నమూనాలకూ కలిపి తేడా పడిన చోట్లు 41. అంతా ఆ మొదటి రోగి నుంచి వచ్చిందే. పైగా ఆమె గొంతు, ఊపిరితిత్తి, గజ్జల నుంచి తీసిన నమూనాల మధ్య ఉన్న చిన్న తేడాలను బట్టి ఆమె నుంచి ఒక్కసారి కాదు, వేరువేరుగా పలుమార్లు దాటిందని తెలిసింది. శుభ్రం చేసిన వెంటిలేటర్ మీద, సింకు గొట్టాల్లో అదే బాక్టీరియా దొరికింది.

అందరూ ఇక్కడితో ఆపుతారు. నాకు దీనికంటే ముఖ్యమనిపించేది అదే ఆసుపత్రి నుంచి 2014లో వచ్చిన పత్రం. ఈసారి పాక్‌బయో పొడవైన రీడ్లతో ప్లాస్మిడ్లను మొదటి నుంచి చివరి దాకా పూర్తిగా చదివారు. ఒక రోగిలో క్లెబ్సియెల్లా, ఎంటెరోబాక్టర్ రెండూ ఒకేసారి దొరికాయి, రెండింటిలోనూ కేపీసీ ఉంది. ఎవరైనా ఏమనుకుంటారు? ఆ మనిషి కడుపులో ప్లాస్మిడ్ ఒకదాని నుంచి మరొకదానికి దాటిందనే కదా. పూర్తిగా చదివితే రెండింటిలో ఉన్నవి వేరువేరు ప్లాస్మిడ్లు. ఆ రోగిలో దాటలేదన్నమాట. మరోవైపు ఆసుపత్రి పరిసరాల నుంచి తీసిన క్లెబ్సియెల్లా, ఎంటెరోబాక్టర్, సిట్రోబాక్టర్ మధ్య మాత్రం ప్లాస్మిడ్ దాటిన ఆధారాలు దొరికాయి. జన్యువు పేరు ఒకటైనంత మాత్రాన ప్లాస్మిడ్ ఒకటని చెప్పలేమని నేను నేర్చుకున్నది ఆ పత్రం నుంచే.

దీర్ఘరీడ్ | బుధవారం, ఉదయం 6.55

చాలా మంచి ఉదాహరణ. పొట్టి రీడ్లతో ఇది ఎందుకు తేలదో కొత్తవాళ్ల కోసం రెండు వాక్యాలు. ఇల్యుమినా రీడ్ 150 నుంచి 300 బేస్‌లు ఉంటుంది. నిరోధక జన్యువులకు అటూఇటూ ఉండే ఐఎస్26 లాంటి ముక్క 820 బేస్‌లు, అది ఒకే కణంలో నాలుగైదు చోట్ల ఉండవచ్చు. ఆ ముక్క లోపల పడిన రీడ్ ఏ చోటిదో చెప్పే మార్గం లేదు. దాంతో అసెంబ్లీ సరిగ్గా జన్యువు పక్కనే తెగిపోతుంది. జన్యువు ఉందని తెలుస్తుంది, ఏ ప్లాస్మిడ్ మీద ఉందో తెలియదు. వేల బేస్‌ల పొడవున్న రీడ్ ఆ ముక్కను దాటి అవతలి ఒడ్డు దాకా చదువుతుంది కాబట్టి చోటు ఖాయమవుతుంది.

వార్డు_సిస్టర్ | బుధవారం, మధ్యాహ్నం 1.35

సింకు గొట్టాలు అన్నారు. మా వార్డులో చేతులు కడుక్కునే సింకు ఒక్కటే. మిగిలిపోయిన గ్లూకోజ్ సీసా, ముక్కు గొట్టంలోంచి ఇచ్చే ఆహారం, కొన్నిసార్లు మూత్రం సంచి కూడా అందులోనే ఒంపుతారు. వద్దని నేను ఎన్నోసార్లు చెప్పాను. వేరే చోటు చూపించకుండా వద్దంటే ఎవరు వింటారు?

పచ్చకాలనీ | బుధవారం, సాయంత్రం 7.20

సిస్టర్ గారూ, మీ మాటకు బలమిచ్చే ప్రయోగం ఉంది, కమిటీకి చూపించండి. ఆ వర్జీనియా వాళ్లే సింకులతో ఒక ప్రయోగశాల కట్టి, పచ్చగా మెరిసే ఇ.కోలిని సింకు కింది వంపు గొట్టంలో వేశారు. 2017లో ప్రచురించారు. సింకులో పోషకం పోస్తుంటే ఆ బాక్టీరియా గొట్టం గోడ వెంట పొరగా రోజుకు సుమారు ఒక అంగుళం చొప్పున పైకి ఎక్కింది. వారంలో జల్లెడ దాకా వచ్చింది. అక్కడికి చేరాక కుళాయి తిప్పితే తుంపరలతో చుట్టూ పడింది. గ్లూకోజ్, గొట్టపు ఆహారం సింకులో పోయడమంటే దానికి మేత వేయడమే. వంపు గొట్టంలో పలు జాతులు ఒకే పొరలో ఒత్తుగా ఉంటాయి, ప్లాస్మిడ్ దాటడానికి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

మైక్రో_పీజీ | శుక్రవారం, రాత్రి 8.30

దొరికింది! రెండో క్లెబ్సియెల్లా పాత డీఎన్ఏకు పొట్టి రీడ్లు తీయించి యూనిసైక్లర్‌లో కలిపాను. 6,141 బేస్‌ల వలయం మూసుకుంది. దాని మీద ఓఎక్స్ఏ-232 ఉంది. దాని లోతు క్రోమోజోమ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, దీర్ఘరీడ్ గారు చెప్పినట్టే. ఓఎమ్‌పీకే35 కూడా మధ్యలో తెగి ఉంది, కాబట్టి గుంటూరు డాక్టర్ గారి మాట కూడా నిజమైంది.

ఇంకా పెద్ద సంగతి. మొదటి క్లెబ్సియెల్లాలోని 46 వేల ప్లాస్మిడ్‌ను, ఇ.కోలిలోని ప్లాస్మిడ్‌ను పక్కపక్కన పెట్టి పోల్చాను. రెండూ ఇంక్-ఎక్స్3 రకం. ఒక్క బేస్ కూడా తేడా లేదు! అంటే మా ఐసీయూలోనే ప్లాస్మిడ్ దాటిందని రాయవచ్చు కదా?

గుంటూరు_వైద్యుడు | శుక్రవారం, రాత్రి 8.44

అభినందనలు అమ్మా. కమిటీ ఊహ పూర్తిగా తిరగబడింది. ఒకటే అనుకున్న రెండు క్లెబ్సియెల్లాలు వేరు, వేరనుకున్న ఇ.కోలికే చుట్టరికం.

పచ్చకాలనీ | శుక్రవారం, రాత్రి 9.30

ఆగండి, ఆ వాక్యం అప్పుడే థీసిస్‌లో రాయవద్దు.

ఇంక్-ఎక్స్3 మీద ఎన్‌డీఎం-5 ఉన్న ఈ 46 వేల ప్లాస్మిడ్ మీ వార్డు సొత్తు కాదు. మన దేశంలోని క్లెబ్సియెల్లా నుంచే దాన్ని వర్ణించారు. చైనాలో మనుషుల్లోనూ పశువుల్లోనూ దాదాపు అదే క్రమం దొరుకుతోంది. ఇతర దేశాల్లోనూ ఉంది. మీ ఇద్దరు రోగులూ వేరువేరు ఊళ్ల నుంచి దాన్ని కడుపులో మోసుకొచ్చి ఉన్నా మీకు ఇదే ఫలితం వచ్చేది.

క్రోమోజోమ్‌తో పోల్చి చూడండి. క్లెబ్సియెల్లా 53 లక్షల బేస్‌లలో ఏడాదికి పట్టుమని పది మార్పులు వస్తే ఎక్కువ. 46 వేలు అంటే అందులో నూరో వంతు కన్నా తక్కువ. ఆ వేగంతో ఈ ప్లాస్మిడ్‌లో ఒక్క మార్పు రావడానికే పదేళ్లు పట్టవచ్చు. కాబట్టి "తేడా సున్నా" అన్నది నిన్న దాటినా అంతే, ఐదేళ్ల కిందట దాటినా అంతే. క్రోమోజోమ్‌లో మనకు గడియారం ఉంది. చిన్న ప్లాస్మిడ్‌లో అది లేదు.

మైక్రో_పీజీ | శుక్రవారం, రాత్రి 9.41

అయితే ఎలా నిరూపించాలి మేడమ్? ప్రయోగశాలలో రెండింటినీ కలిపి పెంచి దాటుతుందని చూపిస్తే చాలదా?

పచ్చకాలనీ | శుక్రవారం, రాత్రి 10.02

దాటగలదని అది చూపిస్తుంది, దాటిందని చూపించదు. ఇద్దరూ ఐసీయూలో ఒకే రోజుల్లో ఉన్నారా? ఏయే మంచాలు? వచ్చిన రోజు మలద్వార స్వాబ్‌లు తీశారా? మొదటి రోగి స్వాబ్‌లో ఎన్‌డీఎం ఉన్న ఇ.కోలి కూడా ఉందా? వీటిలో ఏ రెండు దొరికినా మీ వాదనకు కాళ్లు వస్తాయి.

పొటోమాక్_తెలుగు | శనివారం, ఉదయం 5.10

స్వాబ్‌ల గురించి మేడమ్ చెప్పినదానికి చేర్పు. మాడ్రిడ్‌లోని రామోన్ ఇ కహాల్ ఆసుపత్రిలో 2014 నుంచి రెండేళ్లపాటు 9 వేలకు పైగా రోగుల మలద్వార స్వాబ్‌లు సేకరించారు. ఓఎక్స్ఏ-48 ప్లాస్మిడ్ ఉన్న 105 మంది నుంచి 250 బాక్టీరియాలను సీక్వెన్సింగ్ చేశారు. 2021లో వచ్చిన ఆ పత్రం ప్రకారం రోగి నుంచి రోగికి ప్రధానంగా పాకినవి పేరుమోసిన కొద్ది క్లెబ్సియెల్లా వంశాలు. కానీ అవి ఒక రోగి పేగులో స్థిరపడ్డాక ప్లాస్మిడ్ అక్కడున్న ఇ.కోలి వంటి ఇతర జాతులకు తరచుగా దాటింది. మనిషిని బట్టి, మనిషిలోని ప్రతి జాతినీ తీసి చూశారు కాబట్టే ఇది కనిపించింది. మన దగ్గర చాలాచోట్ల రోగికి ఒక్క కాలనీ తీసి మిగతా ప్లేటు పారేస్తారు.

స్వీడన్‌లో ఎన్‌డీఎం-1ను మొదట కనుక్కున్నప్పుడు కూడా ఇదే. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి వచ్చిన భారత సంతతి రోగి మూత్రంలో క్లెబ్సియెల్లా, మలంలో ఇ.కోలి, రెండింటిలోనూ అదే జన్యువు. మలం కల్చర్ చేయకపోతే రెండోది తెలిసేదే కాదు.

గోదావరి_చదువరి | శనివారం, ఉదయం 10.25

నేను వైద్య రంగంలో లేను. మా నాన్నగారు ఒక ఆసుపత్రి ఐసీయూలో చనిపోయారు. మోకాలి ఆపరేషన్‌కని వెళ్లారు. చివర్లో "మందులకు లొంగని బాక్టీరియా" అన్నారు, అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ సీక్వెన్సింగ్ అప్పుడు చేసి ఉంటే ఆయన బతికేవారా? ఇంకో సంగతి, మా వైపు అందరూ పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల నీళ్లే దీనికంతటికీ కారణమంటారు. నిజమేనా?

గుంటూరు_వైద్యుడు | శనివారం, మధ్యాహ్నం 12.15

అన్నా, మీ బాధ అర్థమవుతుంది. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. సీక్వెన్సింగ్ ఆ రోజు ఆయన మందును మార్చి ఉండేది కాదు. అది కాపాడేది తర్వాతి మంచంలోని మనిషిని. కానీ ఆయన కంటే ముందు ఆ వార్డులో ఎవరికైనా అదే వచ్చి ఉంటే, అప్పుడు చూసి ఉంటే, ఆయనకు సోకకుండా ఆపే అవకాశం ఉండేది. ఏ బాక్టీరియా వచ్చింది, ఏ మందులకు లొంగలేదు అన్నది కుటుంబానికి కాగితం మీద చెప్పవలసిందే. మీరు అడిగినా చెప్పలేదంటే అది అన్యాయం.

దీర్ఘరీడ్ | శనివారం, మధ్యాహ్నం 12.50

పటాన్‌చెరు మాటకు: 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోయాకిమ్ లార్సన్ బృందం అక్కడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని చూపించింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీటిలో నిరోధక జన్యువులకు ఊపు వస్తుందనడంలో సందేహం లేదు. అయితే ఒక ఐసీయూలో ముగ్గురికి సోకిన బాక్టీరియాకు ఆ కాలువే కారణమని చెప్పాలంటే రెండుచోట్ల ప్లాస్మిడ్లనూ చదివి పోల్చాలి. అది చేయకుండా ఫ్యాక్టరీ మీద వేలు చూపిస్తే వార్డులోని సింకు తప్పించుకుంటుంది.

వార్డు_సిస్టర్ | శనివారం, సాయంత్రం 4.05

ఒక మాట అంటాను, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మా ఐసీయూలో రాత్రి షిఫ్టులో ఒక నర్సు నలుగురైదుగురు వెంటిలేటర్ రోగులను చూస్తుంది. చేతులకు రాసుకునే ద్రావణం నెలాఖరుకు అయిపోతుంది. ఇంత ఖరీదైన పరీక్షకు పెట్టే డబ్బు ముందు అక్కడ పెట్టకూడదా?

పచ్చకాలనీ | శనివారం, సాయంత్రం 5.30

పెట్టాలి. ముందు అక్కడే పెట్టాలి. చేతుల శుభ్రత లేని వార్డులో సీక్వెన్సింగ్ చేస్తే ఎవరి చేతి మీదుగా పాకిందో అందంగా బొమ్మ గీసి చూపించగలం, అంతే.

కానీ అన్నింటినీ సీక్వెన్సింగ్ చేయమని ఇక్కడ ఎవరూ అనడం లేదు. కార్డు మీద గీత వచ్చినవాటిని ఫ్రీజర్‌లో దాచండి. ఒకే వార్డులో, కొద్ది రోజుల తేడాతో, జాతి ఏదైనా ఒకే గీత కనిపిస్తే వాటిని మాత్రం పంపండి. బెంగళూరులో కెంపెగౌడ వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధనశాల కొన్నేళ్లుగా దేశంలోని ఆసుపత్రుల నుంచి వచ్చిన క్లెబ్సియెల్లాను ఇలా సీక్వెన్సింగ్ చేస్తోంది. ఎస్‌టీ231, ఎస్‌టీ147 మన దగ్గర ఎంత పాతుకుపోయాయో అలాంటి పని వల్లే తెలిసింది. సిస్టర్ గారు ఎన్నోసార్లు చెప్పినా సింకు మారలేదు. ఆ సింకులోని ప్లాస్మిడ్, రోగి రక్తంలోని ప్లాస్మిడ్ ఒకటేనన్న కాగితం బల్ల మీద పెడితే పాలకవర్గం వినక తప్పదు. నర్సుల మాటకు ఆ బలం ఇవ్వడానికే నాకు ఈ సీక్వెన్సింగ్ కావాలి.

మైక్రో_పీజీ | ఆదివారం, రాత్రి 7.50

పడక వివరాలు తీశాను. ఇద్దరూ ఐసీయూలో కొన్ని రోజులు కలిసి ఉన్నారు, మంచాలు ఎదురెదురు, సింకు వాటి మధ్య గోడకు ఉంది. మొదటి రోగి వచ్చిన రోజు స్వాబ్ తీయలేదు. ఇ.కోలి వచ్చిన రోగి మలం నమూనా ప్లేటు మాత్రం ఇంకా కోల్డ్ రూమ్‌లో ఉంది. సింకు స్వాబ్ రేపు తీద్దామని మా సిస్టర్‌తో అనుకున్నాం. ఎలా తీయాలి మేడమ్? ప్లేటు నుంచి ఎన్ని కాలనీలు తీసుకోవాలి?

పచ్చకాలనీ | ఆదివారం, రాత్రి 8.35

సింకు తొట్టిని రుద్ది వదిలేయవద్దు. జల్లెడ తీసి స్వాబ్‌ను గొట్టం లోపలి గోడకు తిప్పండి. వంపు గొట్టంలోని నీళ్లు కూడా శుభ్రమైన గొట్టంతో పీల్చి తీసుకోండి. ఉదయం బ్లీచ్ పోయకముందే తీయాలి. మెరోపెనెమ్ కొద్దిగా కలిపిన పోషక ద్రవంలో ఒక రాత్రి పెంచి ఆ తర్వాత ప్లేటు మీద వేయండి, లేకపోతే సూడోమోనాస్ అనే వేరే బాక్టీరియా ప్లేటంతా కమ్మేస్తుంది.

కాలనీల్లో రంగు, ఆకారం వేరుగా ఉన్న ప్రతి రకానికీ కనీసం మూడు తీయండి. ఇ.కోలి వచ్చిన రోగి మలం ప్లేటు నుంచి కూడా అలాగే తీయండి, అందులో ఇ.కోలి మాత్రమే ఉందని ముందే అనుకోవద్దు. అన్నింటికీ కార్డు వేసి, ఎన్‌డీఎం గీత వచ్చినవాటినే సీక్వెన్సింగ్‌కు పంపండి. ఈసారి రాపిడ్ కిట్ అడగండి.

దీర్ఘరీడ్ | ఆదివారం, రాత్రి 8.52

ముడి రీడ్లు మొత్తం భద్రంగా ఉంచండి, అసెంబ్లీ ఒక్కటే దాచితే చాలదు. ఫైళ్లు వచ్చాక ఇక్కడే చెప్పండి. పోలిక నేను కూడా విడిగా చేసి చూస్తాను. ఇద్దరికీ ఒకే జవాబు వస్తేనే కమిటీ ముందు పెడదాం.